రంగు తీసేసిన తగువు

ఉద్యోగం చేసిన రోజుల్లో నా దగ్గర ఒక తయారు జవాబు ఉండేది. తగువును బొమ్మలో ఎలా చూపించాలి సార్ అని విద్యార్థులు అడిగితే, ఒకదాన్నొకటి ఓర్వలేని రెండు రంగులు తీసుకుని పక్కపక్కన పెట్టండి, మిగతాది అవే చూసుకుంటాయి అనేవాణ్ణి. నారింజ పక్కన నీలం, ఎరుపు పక్కన ఆకుపచ్చ. వాటి అంచులు తగిలిన చోట కళ్ళు చెదురుతాయి, ఆ చెదరడమే తగువు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఆ మాటలో తప్పేమీ లేదు. కాకపోతే మన జిల్లాలో అది పనిచెయ్యదని నాకు తెలిసేసరికి రిటైర్మెంటు దగ్గరపడింది. ప్రింట్ల పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

మా కాలేజీ తాడేపల్లిగూడెంలో. చిన్న కాలేజీ. అందులో ప్రింట్ల విభాగం అంటే వెనకవైపు ఒక రేకుల షెడ్డు, ఒక చేతి ప్రెస్సు, నాలుగు బల్లలు. చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కి, రోలరుతో ఇంకు పట్టించి, మీద కాగితం పరిచి ప్రెస్సులో నొక్కడం మా పని. గాలి మార్కెట్టు వైపు నుంచి తిరిగితే షెడ్డంతా ఉల్లిపాయల వాసన. ఇంకు వాసనా ఉల్లి వాసనా కలిసి నా చొక్కాలకు పట్టేస్తే, మా ఆవిడ వాటిని మిగతా బట్టలతో కలవనిచ్చేది కాదు.

ఆ విభాగంలో ఉద్యోగులం ఇద్దరమే. నేను, నా దగ్గరే చదువుకుని తర్వాత నా పక్క బల్ల దగ్గరే లెక్చరర్‌గా చేరిన ఒకమ్మాయి. అమ్మాయి అంటున్నానే గాని, అప్పటికే ఆమెకు బడికి వెళ్ళే కూతురుంది. కొల్లేటి లంక గ్రామం ఆమెది. నేను పది మాటలంటే ఆమె ఒకటనేది. ఆ ఒక్కటీ నా పదింటినీ పడగొట్టేది. అలాంటి సహోద్యోగి దొరకడం అదృష్టమని ఇప్పుడు అంటున్నాను గాని, అప్పట్లో చాలాసార్లు ఒళ్ళు మండింది.

ఆ ఏడాది ఏలూరులో ఒక హాలు తీసుకుని మా కాలేజీ వాళ్ళందరం ప్రదర్శన పెట్టాలనుకున్నాం. ఆమె ఒకే ఒక్క పెద్ద వుడ్‌కట్, అంటే చెక్క ప్రింటు, చేస్తానంది. విషయం ఏమిటమ్మా అని అడిగాను.

“గట్టు తెగిన రోజు సార్” అంది.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు యంత్రాలతో కొట్టించిన రోజులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. సరస్సు సరస్సుగా మిగలాలన్నది ఒక పక్క, అందులో గట్లు వేసుకుని చేపలు పెంచుకున్నవాళ్ళ బతుకు ఇంకో పక్క. అందులో న్యాయం తేల్చడానికి నేను కూర్చోలేదు, ఆమె కూడా కూర్చోలేదు. ఆమెకు కావలసింది ఇద్దరు మనుషులు. గట్టుకు ఇవతల, సరస్సులో వల వేసుకుని బతికే వాళ్ళ నాన్న. అవతల, చెరువు తవ్వించుకున్న వాళ్ళ పెదనాన్న. సొంత అన్నదమ్ములు. ఆ రోజు తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

“మీ నాన్న, పెదనాన్న ప్రదర్శనకు వస్తారా?” అన్నాను.

“అదే సార్ నా బాధ. ఇద్దర్నీ ఆ బొమ్మ ముందు నిలబెట్టాలి. ఇద్దర్లో ఒక్కరు విసురుగా వెళ్ళిపోయినా ఇక ఈ జన్మకి కలవరు.”

ఇంత పెద్ద బరువు ఒక చెక్కముక్క మీద పెట్టవచ్చునా అని నాకు అనుమానం వచ్చింది. కాని తగువు అనే మాట వినగానే నా లోపలి మేస్టారు లేచి కూర్చున్నాడు. తగుదునమ్మా అని రంగుల సంగతి అందుకున్నాను. సరస్సు వైపు నీలం వేద్దాం, చెరువు వైపు పసుపు వేద్దాం, మధ్యలో గట్టు కొట్టే పొక్లెయిన్ యంత్రం నల్లగా పెడదాం అన్నాను. ఆమె సరేనంది. అన్నీ చిన్న సైజులో చెక్కి, మూడు రంగులూ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చునేలా ఒక ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీశాం. తీగ మీద ఆరబెట్టి దూరం నుంచి చూస్తే నాకు కడుపు నిండిపోయింది. పసుపూ నీలమూ నిజంగానే కొట్టుకుంటున్నాయి.

మా ప్రిన్సిపాల్‌గారు రౌండ్లకు వచ్చి దాని ముందు ఆగారు. మంచివారు, భయస్తులు. కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“బావుందండీ. కానీ ఏవండీ, ఒక్క మాట. ఇందులో ఏ పార్టీ గెలుస్తోందండీ?”

“పార్టీ ఏమిటండీ, ఇది కొల్లేరండీ” అన్నాను.

“మీకు కొల్లేరేనండీ. చూసేవాళ్ళకి ఎలక్షనండీ. పసుపు ఎవరిదో, నీలం ఎవరిదో చంటిపిల్లాడికి కూడా తెలుసండీ మన దగ్గర. పైగా మధ్యలో పొక్లెయిన్ ఒకటి పెట్టారు. నన్ను ఈ వయసులో టీవీలో చూడాలనుందా మీకు?”

ఆయన వెళ్ళాక నేను చాలాసేపు విసుక్కున్నాను. రంగులకు కూడా ఓటుహక్కు ఇచ్చేశారు ఈ జనం అన్నాను. మా ఆవేశాలు, అభిరుచులు ఈ ఊళ్ళో ఎవరికి అర్థమవుతాయి అన్నాను. అవన్నీ ఆమె విని, “ఆదివారం మా ఊరు వస్తారా సార్, నాన్నకి చూపిద్దాం” అంది.

వెళ్ళాం. వాళ్ళ నాన్నగారు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. నన్ను చూడగానే లేచి, నేను వద్దంటున్నా వినకుండా లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశారు. ప్రూఫ్ చేతికిస్తే దూరంగా పట్టుకుని చూశారు. ముందు నవ్వారు.

“నన్ను నీలంలో పెట్టేరేంటండీ? మేం ఆ పార్టీ కాదు గదండీ.”

“అది నీళ్ళ రంగు నాన్నా” అంది ఆమె.

“నీళ్ళు ఎప్పుడు ఇలా ఉన్నాయే?” అని, మామూలుగా అడిగినట్టే అడిగారు. “మరి ఆయనకి పసుపిచ్చేరా?”

“అవునండీ” అన్నాను నేను.

“ఓహో” అన్నారాయన. ప్రూఫ్ నా చేతికిచ్చేసి, మళ్ళీ వల ఒళ్ళోకి తీసుకున్నారు. ఎదురిల్లు అన్నగారిది. ఆ గుమ్మం వైపు ఆయన చూడకుండా కూర్చున్న తీరు చూస్తే, అలా కూర్చోవడం బాగా అలవాటైన మనిషని తెలుస్తూనే ఉంది.

కాలవ గట్టు మీద బస్సు దాకా నడుస్తుంటే ఆమె అంది. “చూశారా సార్. బొమ్మ చూడలేదు. ఎవరికేమిచ్చామో చూశాడు.”

నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. సోమవారం షెడ్డులోకి వెళ్ళగానే, పసుపూ నీలమూ పోతే పోయాయి, ఎరుపూ ఆకుపచ్చా ఉన్నాయిగా అన్నాను. సరస్సును ఆకుపచ్చ చేద్దాం, చెరువును ఎరుపు చేద్దాం అన్నాను. ఎర్ర రంగుకూ ఒక జెండా ఉందన్న సంగతి నాకు తట్టకపోలేదు గాని, ఆ మాట ఆమె అనకముందే గడుసుగా దాటేద్దామనుకున్నాను.

“ఆ రోజు రక్తం పారలేదు సార్” అంది ఆమె. “నీళ్ళు పారాయి, అంతే. ఎరుపు పెడితే జరగనిది జరిగినట్టవుతుంది. ఇక ఆకుపచ్చంటారా, మా వైపు సరస్సు పచ్చగా ఉందంటే గుర్రపుడెక్క కమ్మేసిందని ఏడుస్తారు. చెరువు పచ్చగా ఉందంటే నీళ్ళు బాగా రంగు తిరిగాయి, చేప ఏపుగా ఎదుగుతోందని సంతోషపడతారు. మీరు సరస్సు మీద ప్రేమతో పచ్చరంగు వేస్తే, మా వాళ్ళకి అది తిట్టినట్టుంటుంది.”

“అయితే ఏ రంగు వెయ్యమంటావు?” అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినిపించింది.

ఆమె ఉలి కింద పెట్టింది. ఆ రోజు సంగతి అప్పుడు చెప్పింది, మొదటిసారి పూర్తిగా.

గట్టు కొట్టిన ఉదయం వాళ్ళ నాన్న మామూలుగా వేటకు బయల్దేరారట. వల భుజాన వేసుకుని, దోనె కట్టిన చోటికి వెళ్తుంటే యంత్రం చప్పుడు వినిపించింది. అందరితో పాటు అటే వెళ్ళారు. ఈమె స్కూలు గౌనుతో ఆయన వెనకాలే పరుగెత్తింది. గట్టు తెగింది. చెరువు నీళ్ళు బొచ్చె, శీలావతి చేపల్ని మోసుకుంటూ సరస్సులోకి దూకాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? వలలు, చీరకొంగులు, బుట్టలు, ఏది దొరికితే అది పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయారు. పెదనాన్న అవతల మిగిలిన గట్టు మీద నిలబడి అంతా చూశాడు. ఏడాది పెంచిన చేప కళ్ళముందే పోతోంది. ఆ గుంపులో, భుజాన వలతో, తమ్ముడు కనిపించాడు.

“నా తమ్ముడే నా చేప దోచుకున్నాడని ఊరంతా చెప్పాడు సార్. నాన్న నీళ్ళలోకి దిగనే లేదు. నేను పక్కనే ఉన్నాను. వల భుజం మీంచి తియ్యలేదు. కదలకుండా పెదనాన్న వైపే చూస్తూ నిలబడ్డాడు.”

“మరి ఆ మాట మీ నాన్న చెప్పలేదా?”

“దొంగ అన్నాక నాన్న నోరు విప్పలేదు. ఆయన ఈయన్ని అడగలేదు. చర్చిలో కూడా ఒకరు ఈ చివర బెంచీ, ఒకరు ఆ చివర. మా నానమ్మ పోయినప్పుడు పెట్టెకి చెరోవైపు నడిచారు సార్, తల తిప్పకుండా.”

“నువ్వు చెప్పొచ్చుగా?”

“కూతురు తండ్రి తరఫున కాక ఎవరి తరఫున చెబుతుంది అంటారు.”

“బొమ్మ చెబితే?”

“బొమ్మ కూడా నాదేగా సార్” అంది. “అందుకే భయం. నాన్నకి మంచి రంగు, పెదనాన్నకి చెడ్డ రంగు అని ఒక్క పిసరు అనిపించినా పెదనాన్న ఆ వల దాకా చూడడు. వెళ్ళిపోతాడు. ఇద్దరికీ ఒకటే ఇంకు సార్. ఒకటే చెక్క. రంగు మీద తగువు పెట్టుకోవడానికి ఎవరికీ సందు దొరక్కూడదు.”

నా సర్వీసులో నేను ఓడిపోయిన వాదనలు చాలానే ఉన్నాయి. ఓడిపోతున్నప్పుడే సంతోషం కలిగినవి తక్కువ. ఇది వాటిలో ఒకటి. అయినా బింకం పోదు కదా, “ఆ ఒక్క రంగైనా నన్ను కలపనిస్తావా?” అన్నాను. నవ్వి, అంతా మీరే కలపండి సార్ అంది.

కొల్లేటి బురద రంగు కావాలంది. అది నలుపనుకున్నాను. కాదట. ఊరికెళ్ళి డబ్బాలో తెచ్చిచ్చింది. తడిగా ఉంటే ఒక తీరు, ఆరితే ఒక తీరు. నలుపులో కాస్త గోధుమ, పిసరంత ఆకుపచ్చ, మళ్ళీ ఇంకాస్త నలుపు కలుపుతూ పోయాను. ఒక మధ్యాహ్నం అద్దం పలక మీద ఆ ఇంకు సరిగ్గా కుదిరింది. పక్కన బురద, పక్కన ఇంకు, ఏది ఏదో తెలియలేదు. జీవితమంతా రంగుల మీద పాఠాలు చెప్పినవాడికి చివరికి బురద కుదిరిందని మా ఆవిడ వెక్కిరించింది. నేనైతే ఆ పూట బాగా గర్వపడ్డాను.

రంగు తీసేశాక తగువు ఎక్కడుంటుంది? ఏ వస్తువు ఎక్కడ నిలబడింది, ఎంత పెద్దగా ఉంది, ఏది ఎటు చూస్తోంది, ఎంత ఖాళీ వదిలాం, వాటిలో ఉంటుంది. ఇది పుస్తకాల్లో నేను చదివిందే, చెప్పిందే. కాని పక్క బల్ల మీద చెక్క మీద చెక్కుతుంటే చూడడం వేరు. మొదటి బొమ్మలో యంత్రం నడిమధ్యన, పెద్దగా ఉండేది. అన్నదమ్ములు చెరో మూలా చిన్నగా ఉండేవారు. చూసినవాడి కన్ను తిన్నగా వెళ్ళి యంత్రం మీద పడేది. దాంతో తగువు యంత్రానిదైపోయింది, మనుషులు దాని చుట్టూ చేరిన జనమైపోయారు. ఆమె యంత్రాన్ని తీసేసింది. దాని బక్కెట్టు పళ్ళు గట్టు మీద గీరిన గీతలు మాత్రం ఉంచింది.

గట్టును కింది మూల నుంచి పై మూలకు ఏటవాలుగా వేసింది. దాన్ని మధ్యలో తెంపింది. ఆ తెగిన చోట నీళ్ళకు ఒక్క గీత కూడా ఇవ్వలేదు. నీళ్ళున్న చోటల్లా చెక్కను లోతుగా తవ్వేసింది. తవ్వేసిన చోట ఇంకు అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. దాంతో బొమ్మలో అన్నిటికన్నా పెద్దదేమిటంటే ఏమీ లేని ఆ తెలుపు. పై మూల, గట్టు చివర, పెదనాన్న. ఆయన చేతులు రెండూ ఖాళీగా, అరచేతులు బయటికి తెరుచుకుని ఉంటాయి. కింది మూల మనకు దగ్గరగా నాన్న, వీపు మనవైపు, భుజాన వల. ఇద్దరికీ ఒకే పాటి నల్లదనం పడేలా చూసుకుంది. నాన్న దగ్గరగా ఉన్నాడని పెద్దవాడైపోకుండా, పెదనాన్న దూరంగా ఉన్నాడని చిన్నవాడైపోకుండా, ఆ కొలత కోసమే ఆమె మూడు నాలుగు చెక్కలు పాడుచేసింది.

“చేపలు లేవేం?” అన్నాను. “అన్ని చేపలు పోయాయి కదా, నాలుగైనా పెట్టకపోతే ఎలా?”

“చేపలు పెడితే అందరూ చేపల్నే చూస్తారు సార్. ఎవరి చేపలు అని అడుగుతారు.”

అసలు పని వల దగ్గర పడింది. మడతపెట్టిన వల చెక్కడం అంటే వెంట్రుకంత గీతలు చెక్క మీద నిలబెట్టి చుట్టూ తవ్వడం. ఒక్కటి విరిగినా అతకదు. పైగా ఆ వల విసరని వల అని చూసేవాడికి తెలియాలి. ముందు చెక్కిన చెక్కలో అది కుదరలేదని కొత్తది తీసుకుని, నాన్న బొమ్మను ఈసారి కాగితం మీద గీయకుండా నేరుగా చెక్క మీదే గీసి చెక్కింది. చూసి గీసిన బొమ్మ కాదు సార్, గుర్తున్న బొమ్మ, నేరుగా వస్తేనే వస్తుంది అంది. వచ్చింది. నేను ఆ నెలలో ఆ బల్ల దగ్గరికి అనవసరంగా వెళ్ళడం మానేశాను. పిల్లల్ని కూడా అటు పోనివ్వలేదు.

ఫైనల్ ప్రింటు తీసిన రోజు ప్రెస్సు చక్రం ఇద్దరం కలిసి తిప్పాం. కాగితం అంచు పట్టుకుని మెల్లగా ఎత్తితే, బొమ్మ తెలుపులోంచి పైకి వచ్చింది. రంగు ఒక్కటీ లేని ఆ బొమ్మలో ఇద్దరి మధ్యా ఉన్న తెలుపునే చూస్తూ కాగితాన్ని తీగ మీద ఆరేశాను. ప్రిన్సిపాల్‌గారు వచ్చి చూశారు. ఈసారి పార్టీ మాట ఎత్తలేదు. “వీళ్ళిద్దరూ అన్నదమ్ములాండీ?” అన్నారు. ఎలా తెలిసిందండీ అంటే, నిలబడడం ఒకలాగే ఉంది కదండీ అన్నారు.

ఏలూరు హాల్లో ప్రదర్శన మొదలైన రోజు ఉదయం నుంచీ ఆమె గుమ్మం దగ్గరే ఉంది. పెదనాన్నను పిలవడానికి తనే వెళ్ళిందట. ఆయన “చూద్దాంలే” అన్నాడట. రాకపోవడానికి మర్యాదైన మాట అది. నాన్న మాత్రం ఉతికిన పంచెతో పెందలాడే వచ్చి, బొమ్మను ఒక్కసారి చూసి, తలుపు పక్క గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారని ఆమె నాతో అంది. నేను చూడలేదు.

మధ్యాహ్నం ఎండలో పెదనాన్న వచ్చాడు. చేపల పెట్టెలు తెచ్చిన వ్యానులో వచ్చాడని వాసనే చెప్పింది. పొడుగాటి మనిషి, మెడలో కండువా. తలుపు పక్కన తమ్ముణ్ణి చూసి ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరిగిపోతాడేమోనని ఆమె నా మోచేయి పట్టుకుంది. ఆయన తిరిగిపోలేదు. తలుపు పక్కన మనిషే లేనట్టు లోపలికి నడిచి, తిన్నగా వెళ్ళి బొమ్మ ముందు నిలబడ్డాడు.

చాలాసేపు చూశాడు. ముందు తన చేతులు చూసుకున్నాడు, బొమ్మలోవి. తర్వాత ఆ తెలుపు. తర్వాత కింది మూలకు వచ్చాడు. అక్కడ మొహం మారింది.

“అమ్మాయ్, ఇట్రా” అన్నాడు.

“ఏంటి పెదనాన్నా?”

“వీడెవడు?”

“నాన్న.”

“కాదు” అన్నాడు గట్టిగా. “మీ నాన్న ఎడం భుజం మీద వల వెయ్యడు.”

మేమిద్దరం ఒకేసారి బొమ్మ వైపు చూశాం. వల ఎడం భుజం మీదే ఉంది. చెక్క మీద కుడిది కాగితం మీద ఎడమవుతుంది. ప్రింట్ల పనిలో మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం అది. ఆమె మిగతా బొమ్మంతా తిప్పి గీసింది, గట్టును తిప్పింది, పెదనాన్నను తిప్పింది. నాన్నను మాత్రం గుర్తున్నవాణ్ణి గుర్తున్నట్టే చెక్క మీద గీసేసింది. ఇన్నాళ్ళూ ఆ పాఠం చెప్పి జీతం తీసుకుంటున్న నేను, ప్రూఫులన్నీ చూసి కూడా పట్టుకోలేదు. ఆమె నాలుక కరుచుకుంది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఇంత కష్టపడి, ఇంత ఒద్దికగా తూకం వేసిన బొమ్మ ఒక్క భుజం దగ్గర అబద్ధమైపోయింది కదా అనుకున్నాను.

పెదనాన్న ఆపలేదు. “చిన్నప్పుడు దోనెలోంచి జారి పడి ఆ భుజం తప్పిందమ్మా వాడికి. కట్టు కట్టించడానికి ఆకివీడు దాకా వీపు మీద మోసింది ఎవరనుకున్నావు? నేను. ఆ భుజం మీద ఈరోజుకీ తువ్వాలు కూడా వేసుకోడు వాడు. అంత తడి వల వేస్తాడా?”

“అది తడి వల కాదు.”

మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. హాల్లో నలుగురైదుగురు తలలు తిప్పారు. పెదనాన్న తిప్పలేదు.

“ఏంటీ?” అన్నాడు, బొమ్మ వైపే చూస్తూ.

“వల తడవలేదంటున్నా” అన్నారు నాన్న. గోడను వదిలి రెండడుగులు ముందుకు వేశారు. “కుడి భుజం మీదుంది, పొడిగా ఉంది. పిల్ల భుజం తప్పు చెక్కింది గానీ మిగతాదంతా నిజవే.”

“నేను గట్టు మీంచి చూశాన్రా.”

“ఏం చూశావు? వల చూశావు. విసరడం చూశావా?”

“అందరూ నీళ్ళలో ఉన్నారు.”

“నేను ఒడ్డున ఉన్నాను. నిన్నే చూస్తున్నాను. దూకేస్తావేమోనని భయమేసింది నాకు.”

పెదనాన్న అప్పుడు తిరిగాడు. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కోపమే అది. కాని దేని మీద పెట్టాలో తెలియని కోపం.

“మరి ఇన్నాళ్ళూ నోరు పడిపోయిందా? చెప్పొద్దా?”

“నువ్వడిగితేగా చెప్పడానికి!”

“నేనడగాలా? పెద్దోణ్ణి, నేనొచ్చి నీ గుమ్మంలో నిలబడి అడగాలా?”

“ఊరంతా దొంగని చాటించేక, నేనొచ్చి నీ గుమ్మంలో చెప్పుకోవాలా?”

గొంతులు పెరిగాయి. కొల్లేటి మనుషుల గొంతులు ఒడ్డు నుంచి ఒడ్డుకు పలకరించుకోవడానికి తయారైనవి. హాలు పట్టలేదు. బొమ్మలు చూస్తున్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు దూరం నుంచి నా వైపు చూసి, ఏదైనా చెయ్యండి అన్నట్టు చేతులు తిప్పారు. బొమ్మల ముందు నిశ్శబ్దంగా ఉండాలని నా పట్టుదల. గట్టిగా మాట్లాడినవాళ్ళను ఎంత పెద్దవాళ్ళయినా బయటికి పంపిన పేరుంది నాకు. అలవాటు కొద్దీ ముందుకు కదిలాను.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“వద్దు సార్. ఆపకండి. మాట్లాడుకుంటున్నారు.”

నిజమే. ఒకరు ఆకివీడు కట్టు సంగతి తీశారు, ఇంకొకరు నానమ్మ పోయిన రోజు సంగతి తీశారు. ఆ రోజు నా వైపు ఎందుకు చూడలేదని తమ్ముడు అడిగితే, చూస్తే ఏడ్చేవాణ్ణిరా అంటున్నాడు పెద్దాయన, తిడుతున్న గొంతుతోనే. చిన్నాయన వేలు పెట్టి బొమ్మలో తను నిలబడిన చోటు చూపిస్తున్నారు. బొమ్మకు బిగించిన అద్దం మీద వేలిముద్రలు పడుతున్నాయి. ఇంకో సందర్భంలో అయితే ఆ వేలిముద్రలకే నేను రాద్ధాంతం చేసేవాణ్ణి.

ఆ పూట ఆ ఇద్దరి గొంతులూ తగ్గే సూచన కనిపించలేదు. నేను హాలు మేనేజరు గదిలోకి వెళ్ళి రెండు కుర్చీలు తెచ్చి, బొమ్మ ముందు పక్కపక్కన వేశాను.